నాలుగు చక్రాలు, రెండు అద్దాలు

నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఒక్కటే. దరఖాస్తుకు రసీదు జతచేశాను.

ముప్ఫై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసి, గోరింకపాలెం సబ్ పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషిని. పేరు బిక్కిన అచ్యుతరావు. రసీదు లేని వస్తువు నా దృష్టిలో వస్తువే కాదు. మా మిక్సీ కాలిపోయి ఆరేళ్లయింది గాని, దాని రసీదు ఇప్పటికీ బీరువాలో నలగకుండా ఉంది. మా ఆవిడ కనకరత్నం దీన్ని జబ్బంటుంది, నేను క్రమశిక్షణంటాను. ఎవరి మాట నెగ్గిందో చివర్లో మీకే తెలుస్తుంది.

కారు గొడవ మా ఆవిడ మోకాళ్లతో మొదలైంది. రెండేళ్లుగా ఆవిడ బస్సు మెట్టు ఎక్కలేదు, స్కూటరు మీద కూర్చోలేదు. ఆటో ఎక్కితే మా రోడ్ల గోతులకు మోకాళ్ల సంగతి మరిచిపోయి నడుం గురించి ఏడవాల్సి వస్తుంది. ఇరవై కిలోమీటర్ల అవతల మొగలిలంకలో వాళ్లక్క భాస్కరమ్మగారు ఉంటారు. ఆవిడవీ అలాంటి మోకాళ్లే, పైగా ఒళ్లు ఇంకాస్త ఎక్కువ. అంచేత రెండేళ్లుగా అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రోజూ సాయంత్రం ఫోను పట్టుకుని గంటసేపు మోకాళ్ల కబుర్లు చెప్పుకుంటారు. మోకాళ్ల గురించి అంత మాట్లాడవచ్చని నాకు అంతకుముందు తెలియదు.

"పోనీ అద్దె కారు తెస్తానే," అన్నాను ఒకసారి.

"అద్దె కారోడు గంటవ్వగానే హారన్ కొడతాడు. మా అక్కతో మాట్లాడ్డానికి గంటేం సరిపోద్దండీ? మన కారైతే మన ఇష్టం. మెత్తటి సీట్లో కూచుని వెళ్లి, అక్క గుమ్మంలో దిగాలి. బుద్ధి పుట్టినప్పుడు తిరిగి రావాలి. నాకింకేం వద్దు," అంది.

అడగక అడగక అడిగింది. కొత్త కారు కొనే స్తోమత నాకు లేదు. మా వీధి చివర మెకానిక్కు గవర్రాజు షెడ్డు వెనకాల ఒక పాత కారు పడి ఉండేది. అందులో కోళ్లు గుడ్లు పెడుతుండేవి. కోళ్లను ఖాళీ చేయించి, నేనూ గవర్రాజూ ప్రతి ఆదివారం దాని మీద పడ్డాం. ఇంజను విప్పాం, బిగించాం. బిగించాక నాలుగు బోల్టులు మిగిలితే మళ్లీ విప్పాం. సీట్లు మూతపడిన సినిమాహాలువి పెట్టించాం. హాలు వాచ్‌మన్ వాటికి రసీదు ఇవ్వనన్నాడు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

అన్నీ కుదిరాయి గాని పక్క అద్దాలు దొరకలేదు. ఆ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మూడు జిల్లాల పాత సామాన్ల కొట్లు వెతికి వచ్చాక గవర్రాజు చేతులు దులుపుకున్నాడు.

"ఎందుకండి బాబూ ఈ తిరుగుడు! మోటారు సైకిలు అద్దాలెట్టేద్దారండి. అద్దం అద్దమే గదండి, అదేమన్నా బండి పేరు అడుగుద్దా?"

అడగదనే నేనూ అనుకున్నాను. గుండ్రటి అద్దాలు, పొడుగు కాడలు. గవర్రాజు తలుపులకు రంధ్రాలు వేసి, లోపల ఇనప రేకు ముక్క పెట్టి, అదురు తగలకుండా సైకిలు ట్యూబు కత్తిరించి వాషర్లు వేశాడు. కుడి అద్దం మర ఎదురు తిరుగుడుదట, అది తెలియక గంటసేపు దాన్ని తిట్టాడు. అంతా అయ్యాక చూస్తే మా కారు కళ్లు బయటికి పొడుచుకొచ్చిన పీతలా ఉంది. అయితేనేం, వెనకాల అరమైలు దూరంలో వచ్చే గేదె కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే మొగలిలంక నుంచి కబురొచ్చింది. భాస్కరమ్మగారి భర్త, అంటే నా తోడల్లుడు గణపతిరావుగారికి వచ్చే నెల పన్నెండున షష్టిపూర్తి. మా ఆవిడ ఆ సాయంత్రమే కొత్త చీరకు ఫాల్ కుట్టడానికి ఇచ్చేసింది. ఇక కావలసింది ఒకటే, బండి రోడ్డెక్కడానికి ధ్రువపత్రం. అది లేకుండా ఎక్కితే బండిని అక్కడికక్కడే లాక్కుపోతారు.

మా ఊళ్లో ఇలాంటివి చూడటానికి వాహన వర్గీకరణ కార్యాలయం అని ఒకటుంది. దరఖాస్తు నింపి, ప్రతి సామానుకూ రసీదు గుచ్చి, వరస సంఖ్యలు వేసి, పైన పట్టిక రాశాను.

"మేష్టారూ, ఆళ్లు అడిగింది బండినండి. రసీదులు ఎవరడిగారండి?" అన్నాడు గవర్రాజు.

"అడక్కముందే ఇవ్వడంలోనే మర్యాద ఉందోయ్," అన్నాను. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు ఆ మాట అనిపించింది.

వర్గీకరణాధికారి శేషశయనంగారు చాలా నిష్ఠాపరుడు. లంచం ముట్టడు, సిఫార్సు వినడు. ఎదుటివాడు చెప్పేది కూడా వినడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బ్రేకు తొక్కాడు, లైట్లు వేయించాడు, తల ఊపాడు. కుడివైపు అద్దంలో చూసుకుని జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. అంతా సవ్యంగా ఉందన్నాడు. ఆ తర్వాత ఫైలు తెరిచాడు. పద్నాలుగో రసీదు దగ్గర ఆగిపోయాడు.

"దరఖాస్తుదారుగారూ, ఇదేమిటి?"

"రసీదండి."

"రసీదు అనునది విదితమే. వస్తువు?"

"మోటారు సైకిలు అద్దాలండి, ఒక జత."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. ఒక కొత్త గ్రహం కనిపెట్టిన మనిషి మొహం అలాగే ఉంటుందనుకుంటాను.

"వాహనము చతుశ్చక్రము. అద్దములు ద్విచక్ర వాహనమునకు చెందినవి. అనగా ఈ వాహనము ముందుకు పోవునప్పుడు నాలుగు చక్రాలది, వెనుకకు చూచునప్పుడు రెండు చక్రాలది."

"వెనకాల శుభ్రంగా కనిపిస్తుందండి. ఇప్పుడే తమరు తల దువ్వుకున్నారు కూడా."

"కనిపించుట వేరు, వర్గీకరణ వేరు. నేను వ్యక్తిగా దువ్వుకొంటిని. అధికారిగా నాకేమియు కనిపించలేదు."

ఆయన పుస్తకాలు నాలుగు తిరగేసి తీర్పు రాశాడు. మాది మిశ్రమ వాహనమట. అంచేత నాలుగు చక్రాల నిబంధనలూ రెండు చక్రాల నిబంధనలూ ఏకకాలంలో వర్తిస్తాయట. కారులో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవాలి, శిరస్త్రాణమూ ధరించాలి. ఇద్దరికి మించి ఎక్కరాదు. వెనక కూర్చునే స్త్రీ చీర చక్రంలో పడకుండా ఎడమవైపు కంచె బిగించాలి. బండిని నిలిపినప్పుడు పక్క స్టాండు వేయాలి.

"కారుకి స్టాండేంటండి! దానికి నాలుగు కాళ్లున్నాయి గదండి!" అన్నాడు గవర్రాజు బయటికొచ్చాక. తర్వాత కాస్త ఆలోచించి, "సీట్లకి రసీదు లేకపోవడం మన అదృష్టమండి. ఉంటే మధ్యలో ఇంటర్వెల్లు ఇమ్మనేవోడు," అన్నాడు.

వాదన పెట్టుకుంటే ఆరునెలలు పడుతుంది. షష్టిపూర్తికి ఇరవై రోజులే ఉంది. కంచె బిగించాం. దాంతో వెనక ఎడమ తలుపు తెరుచుకోవడం మానేసింది. మా ఆవిడ కుడివైపు నుంచి ఎక్కి, సీటు పొడవునా జరుగుతూ వెళ్లి కూర్చోవలసి వచ్చింది. జడలో మల్లెపూలు, తల మీద నల్లటి హెల్మెట్.

"ఏవండీ, మా అక్క నన్ను గుర్తు పడుద్దంటారా?" అంది లోపలి నుంచి. గొంతు కుండలోంచి వచ్చినట్టు వచ్చింది.

తిరిగి హాజరుపరిచాం. శేషశయనంగారు కంచె పట్టుకుని ఊపి చూశాడు.

"చీరకు తగు రక్షణ కలిగినదా?"

"కలిగిందండి. చీరతో పాటు మనిషి కూడా బయటికి రావడం లేదు."

"సంతృప్తికరము," అని రాసుకున్నాడు. స్టాండు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. స్టాండు వేశాక బండి ఎడమవైపుకు ఒరగాలని నిబంధనలో ఉందట, మాది నిటారుగా నిలబడింది. ఆయన వంగి వంగి చూసి, ఒరుగుదల శూన్యమని బాధపడ్డాడు. గవర్రాజు వెళ్లి ఎడమవైపు రెండు టైర్లలో గాలి తీసేశాడు. బండి ఒరిగింది, ఆయన మొహం వికసించింది.

ఇక మిగిలింది నా లైసెన్సు. నాకు కారు లైసెన్సు ఉంది, మోటారు సైకిలుది లేదు. కాబట్టి ద్విచక్ర వాహన పరీక్షకు ఇదే బండితో హాజరు కావాలన్నాడు. పరీక్ష అంటే మీకు తెలిసిందే, నేల మీద సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా తిరిగి రావాలి. గీతల పక్కన ఇరవై నాలుగు ప్లాస్టిక్ బుడ్డీలు నిలబెట్టారు. ఒక మోటారు సైకిలు దూరడానికే ఆ దారి ఇరుకు.

టైర్లలో గాలి కొట్టించి, హెల్మెట్ పెట్టి, బెల్టు కట్టి, దేవుణ్ణి తలుచుకుని కారు పోనిచ్చాను. ఎనిమిది పూర్తయ్యేసరికి ఇరవై రెండు బుడ్డీలు పడిపోయాయి. మిగతా రెండూ కారు కింద ఇరుక్కుని నాతో పాటు వచ్చాయి. పరీక్ష పోయిందనుకుని దిగాను.

శేషశయనంగారు పరుగున వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"అద్భుతము! పరీక్షా పత్రములో ప్రశ్న ఒక్కటే కలదు. అభ్యర్థి పాదము నేలను తాకినదా? ఒక్కసారి కూడ తాకలేదు! పదకొండేళ్ల నా సర్వీసులో ఇంత నిశ్చలమైన పాదమును చూడలేదు!"

"మరి బుడ్డీలండి?"

"బుడ్డీల గురించి ప్రశ్న లేదు."

నూటికి నూరు మార్కులు వేశాడు. ధ్రువపత్రం రెండు రోజుల్లో వస్తుందన్నాడు. ఆ రాత్రి మా ఆవిడ ఫోనులో వాళ్లక్కతో, "వచ్చేస్తున్నానే, మంచం కాడ కుర్చీ వేసి ఉంచు," అని చెప్పింది.

కాని మంచి పనికి పేరు రావడం ఎంత ప్రమాదమో నాకు అప్పటిదాకా తెలియదు. శేషశయనంగారు మా కారు మీద ఇరవై పేజీల నివేదిక రాసి పైకి పంపాడు. పైవాళ్లు దాన్ని చదివి ముగ్ధులయ్యారు. దానికి భాగమూల సిద్ధాంతమని పేరు పెట్టారు. వాహనంలో ఏ భాగం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మూలాన్ని బట్టి వాహనాన్ని గుర్తించాలట. వెంటనే మూలాన్వేషణ వారోత్సవం ప్రకటించారు. కార్యాలయం ముందు బ్యానరు కట్టారు. సిబ్బంది అందరూ చేయి చాచి, "నా నట్టు, నా బోల్టు, నా మూలం," అని ప్రతిజ్ఞ చేశారు.

వారం తిరిగేసరికి ఊరు ఊరులా లేదు. పాలవ్యానుకు బస్సు హారను ఉందని తేలింది. దాంతో అది ప్రతి స్టాపులోనూ ఆగి, జనాన్ని ఎక్కించుకుని, టిక్కెట్లు ఇవ్వవలసి వచ్చింది. పాల క్యాన్ల మీద కూర్చుని జనం కోర్టుకు వెళ్లారు. ఐసుబండికి పాత అంబులెన్సు లైటు బిగించి ఉంది. అది వస్తుంటే అందరూ పక్కకు తప్పుకోవాలి, ఐసు మాత్రం రోగులకే అమ్మాలి. ఎవరికి ఐసు తినాలనిపించినా డాక్టరు చీటీ తెచ్చుకున్నారు.

చివరికి శేషశయనంగారి జీపు వంతు వచ్చింది. దానికి లారీ బ్యాటరీ వేసి ఉందని ఆయనే కనిపెట్టాడు, ఆయన మీద ఆయనే నోటీసు రాసుకుని, ఆయనే అందుకున్నట్టు సంతకం చేశాడు. ఆ రోజు నుంచి జీపు సరుకు రవాణా వాహనమైంది. బరువు లేకుండా తిరగకూడదని వెనకాల ఎప్పుడూ పన్నెండు సిమెంటు బస్తాలు వేసుకుని తిరిగేవాడు. ముందు బంపరుకు నిమ్మకాయలు కట్టించాడు. ఎర్రటి అక్షరాలతో వెనక "హారన్ కొట్టుము" అని రాయించాడు.

"నిబంధన నాకైనను ఒక్కటే," అన్నాడు నన్ను చూసి. ఆ మాట మాత్రం నిజం. ఆయన్ను నిండు మనసుతో తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

మా ధ్రువపత్రం కోసం వెళితే ధ్రువపత్రానికి బదులు ఒక ఉత్తరం ఇచ్చాడు. సిద్ధాంతం పరిణతి చెందిన దృష్ట్యా మిశ్రమ వాహనమనే తరగతిని రద్దు చేశారట. ఒక వాహనానికి ఒకే తరగతి. చూపు ఏ తరగతిదో వాహనమూ ఆ తరగతిదే. కాబట్టి మాది సంపూర్ణ ద్విచక్ర వాహనమట.

కింద ఒక వాక్యం ఉంది. "అదనముగా నున్న రెండు చక్రములను తొలగించి వాహనమును తిరిగి హాజరుపరచవలెను."

గవర్రాజు ఆ వాక్యాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఏ రెండండి? ముందువా, ఎనకవా?" అని అడిగాడు నేరుగా అధికారినే.

శేషశయనంగారు పుస్తకం తిరగేశాడు. "ఈ విషయమున నిబంధన మౌనముగా నున్నది. దరఖాస్తుదారు ఇష్టము."

అది ఎనిమిదో తేదీ. షష్టిపూర్తికి నాలుగు రోజులు. ఇంటికొచ్చి ఉత్తరం చదివి వినిపించాను. మా ఆవిడ విని లేచింది. హెల్మెట్ తీసుకెళ్లి పెరట్లో తులసికోట పక్కన పెట్టింది. ఫాల్ కుట్టిన చీర మడత పెట్టి బీరువాలో పెట్టింది. ఆ సాయంత్రం ఫోను మోగితే తియ్యలేదు. రెండేళ్లలో అలా ఎన్నడూ జరగలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ పద్నాలుగో రసీదు గుచ్చిన నా చేతిని నేనే కొట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగింది.

"ఏవండీ, ఆ అద్దాలు తీసేస్తే?"

"అద్దాల్లేకుండా బండిని లోపలికే రానివ్వరే."

"అద్దం ఏ బండిదో, మన బండి కూడా ఆ బండే. అంతేగా ఆయన చెప్పేది?"

"అంతే."

"మరి అద్దం బండిదే కాకపోతేనో?"

నేను జవాబు చెప్పేలోగా చెప్పులేసుకుని, గోడ పట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ వీధి మలుపులో ఉన్న గాజుల కొట్టుకు వెళ్లింది. రెండు బొట్టు అద్దాలు తెచ్చింది. గులాబీ రంగు ప్లాస్టిక్ చట్రం, కింద కాళ్లు, అరచెయ్యంత అద్దం. మా పెళ్లయిన ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి ఆవిడ కొట్టువాడిని అడిగి రసీదు రాయించుకొచ్చింది.

"ఏమని రాయించావే?"

"చదువుకోండి. మీకలవాటేగా."

రసీదులో ఇలా ఉంది: "గృహోపకరణం. బొట్టు అద్దాలు, రెండు."

గవర్రాజు మధ్యాహ్నానికల్లా వాటిని మోటారు సైకిలు అద్దాల కాడలకే బిగించాడు. స్టాండు కోసేశాడు. కంచె పీకేశాడు. మర్నాడు ఫైలులో పద్నాలుగో రసీదు తీసి కొత్త రసీదు గుచ్చాను. మా ఆవిడ కూడా వస్తానని పట్టుపట్టి వచ్చింది. హెల్మెట్ లేదు.

శేషశయనంగారు రసీదు చదివాడు. కారు దగ్గరకొచ్చి అద్దం చూశాడు. మళ్లీ రసీదు చదివాడు. చెమట పట్టింది.

"అమ్మా, ఇవి బొట్టు అద్దములు!"

"అవునండి. పొద్దున్నే ఇందులోనే చూసుకుని పెట్టుకొచ్చాను. వంకరగా ఏమన్నా ఉందా అండీ?" అంది మా ఆవిడ.

"వంకర లేదు. సమస్య అది కాదు. ఇవి ఏ వాహనమునకును చెందినవి కావు."

"కావండి. ఇంట్లోయండి."

ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గంటన్నర సేపు పుస్తకాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. బయటికొచ్చేసరికి ఆయన మొహంలో గొప్ప ప్రశాంతత ఉంది.

"చూపు ఏ తరగతిదో వస్తువు ఆ తరగతిది. సిద్ధాంతమునకు మినహాయింపు లేదు. కాబట్టి ఇది వాహనము కాదు, గృహోపకరణము. గ్రైండరు, మిక్సీ, కుక్కరు ఏ కోవలోనివో ఇదియు ఆ కోవలోనిదే. ఈ కార్యాలయమునకు దీనిపై ఎట్టి అధికారమును లేదు. దీనికి ధ్రువపత్రము అవసరము లేదు."

"మరి రోడ్డు మీద ఎవరన్నా ఆపితేనండి?"

"గ్రైండరును రోడ్డు మీద ఎవరు ఆపుదురు?" అని మందలించాడు. అయినా మా తృప్తి కోసం ఒక కాగితం టైపు చేయించి, గుండ్రటి ముద్ర వేసి, ముందు అద్దానికి లోపలివైపు తానే అంటించాడు. "గృహోపకరణము, ఒకటి. వాహనము కాదు. అడ్డగించరాదు." తర్వాత మా ఆవిడకు నమస్కారం పెట్టి సిమెంటు బస్తాల జీపు ఎక్కి వెళ్లిపోయాడు.

పన్నెండో తేదీ పొద్దున్నే బయల్దేరాం. మా ఆవిడ ముందు సీట్లో నా పక్కనే కూర్చుంది. దారిలో రెండుచోట్ల ఆపారు, కాగితం చదివి సెల్యూట్ కొట్టి పంపేశారు. మధ్య మధ్య మా ఆవిడ పక్క అద్దంలోకి చూసి కుంకుమ సరిచేసుకునేది.

"లారీ ఒకటి వస్తోందండీ వెనకాల, దారివ్వండి," అనేది మళ్లీ. చిన్న అద్దమే గాని, పనికొచ్చింది.

మొగలిలంకలో పందిరి దాకా కారు తీసుకెళ్లాను. భాస్కరమ్మగారు గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మా ఆవిడ తలుపు తీసుకుని, ఎవరి సాయమూ లేకుండా, అక్క గుమ్మంలో దిగింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, వెంటనే మోకాళ్ల సంగతి ఎత్తుకున్నారు. నేను కళ్లు తుడుచుకుని కారును పందిరి వారగా పెట్టి వచ్చాను. అక్కడే నా రెండో తప్పు జరిగింది.

మొగలిలంకలో చదివింపులంటే పుల్లయ్యగారు చదవాల్సిందే. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో ఏ శుభకార్యమైనా ఎవరేం ఇచ్చారో మైకులో చదివేది ఆయనే. ఆయన నోట వచ్చిన వస్తువు అవతలివాళ్లదైపోయినట్టే, వెనక్కి తీసుకోవడమనేది ఆ ఊరి చరిత్రలో లేదు. పాపం పెద్దాయన పందిరి వారగా నడుస్తూ, అక్కడ పెట్టిన బిందెలూ పళ్లేలూ కుర్చీలూ చూసి కాగితం మీద రాసుకుంటున్నాడు. మేం తెచ్చిన పట్టుబట్టలు రాసుకున్నాడు. ఆ పక్కనే ముద్రతో సహా ఉన్న కాగితాన్ని కళ్లజోడు సవరించుకుని చదివి, అదీ రాసుకున్నాడు.

మైకు గరగరమంది.

"ఆయ్, గోరింకపాలెం వాస్తవ్యులు, తోడల్లుడు బిక్కిన అచ్యుతరావుగారు, మరదలు కనకరత్నంగారు చదివించిన పట్టుబట్టలు ఒక జతండి! గృహోపకరణం ఒకటండీ!"

జనం తలలు తిప్పి చూశారు. గృహోపకరణం ఎండలో తళతళ మెరుస్తోంది. పందిరి మొత్తం చప్పట్లు కొట్టింది. గణపతిరావుగారు పీటల మీది నుంచి సగం లేచి, నాకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు. ఎవరో అప్పుడే బానెట్ మీద కొబ్బరికాయ కొట్టారు.

నేను జనాన్ని తొక్కుకుంటూ మైకు దగ్గరకు పరిగెత్తాను.

"పుల్లయ్యగారూ, అది కారండి! నా కారండి!"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "కారా? ముద్దరేసి మరీ రాశారు గదండి, వాహనం కాదని. మీదే అనడానికి రసీదేమన్నా ఉందాండి?"

ఉన్నాయి. పదిహేడు రసీదులు ఉన్నాయి, సంచీలోనే ఉన్నాయి. కాని బొట్టు అద్దాలది తప్ప అవన్నీ కారువి. అక్కడున్నది కారు కాదని ప్రభుత్వం చెప్పింది. సంచీలో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

అప్పుడు మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఊరుకోండి. అటు చూడండి," అంది.

భాస్కరమ్మగారు కారు ముందు సీట్లో కూర్చుని ఉంది. ఆ సినిమాహాలు సీటును అరచేత్తో నిమురుతోంది. బొట్టు అద్దంలో మొహం చూసుకుంటోంది. రెండేళ్లుగా ఆ మనిషి గుమ్మం దాటలేదు.

"కనకం! ఇంత మెత్తగా ఉందేంటే!" అని కేకేసింది. "మా పెద్దోడు నడుపుతాడు. ఆదివారం ఆదివారం నేనే వత్తానే నీ కాడికి!"

మా ఆవిడ నా వైపు తిరిగింది. కళ్లు నిండి ఉన్నాయి గాని నవ్వుతోంది.

"ఎవరి గుమ్మంలో ఎవరు దిగితే ఏంటండీ," అంది.

ఆ సాయంత్రం మమ్మల్ని మా ఇంటి దగ్గర దింపి, మా కారు వెళ్లిపోయింది. కారు పెట్టే చోటు ఖాళీగా కనిపిస్తుందని నాలుగైదు రోజులు నాకు పెరట్లోకి వెళ్లబుద్ధి కాలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే గృహోపకరణం మా గేటు ముందు ఆగుతుంది. భాస్కరమ్మగారు అద్దంలో కుంకుమ చూసుకుని దిగుతుంది. అక్కాచెల్లెళ్లు పొద్దుగూకేదాకా మాట్లాడుకుంటారు. హారన్ కొట్టేవాడు లేడు. నాలుగో ఆదివారం ఆవిడ్ని సాగనంపి వచ్చి మా ఆవిడ నా ఎదురుగా కూర్చుంది.

"ఎప్పుడూ అక్కే వస్తే ఏం బాగుంటుందండీ? నేనూ ఒక ఆదివారం వెళ్లాలి గదా. గవర్రాజు షెడ్డు వెనకాల ఇంకోటుందట."

ఉంది. దాన్లోనూ కోళ్లున్నాయి. ఖాళీ చేయించాం, ఇంజను విప్పాం, మళ్లీ ఆదివారాలు మొదలయ్యాయి. పక్క అద్దాలు ఈ కారుకూ దొరకవని గవర్రాజు ముందే చెప్పాడు, మళ్లీ మోటారు సైకిలువే తెచ్చాం. నేను అలవాటుగా రసీదు అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఇంటికి రాగానే మా ఆవిడ చెయ్యి చాచింది. రసీదు ఇచ్చేశాను. ఆవిడ దాన్ని ఒకసారి చదివి, స్నానానికి నీళ్లు కాగుతున్న పొయ్యిలో పెట్టింది.